కంఠతా మాస్టారి గుళిక

మా ఆయన కంటపడిన ఏ కాగితమైనా మర్నాటికల్లా ఆయన నోట్లో ఉంటుంది. పెళ్లయిన కొత్తలో, రైలు పెట్టెలో గొలుసు పక్కన రాసి ఉండే హెచ్చరికను పొల్లుపోకుండా నాకు అప్పజెప్పి, ఎలా ఉందని అడిగారు. చాలా బాగుందన్నాను. అప్పటికి నాకింకా మొహమాటం పోలేదు.

ఆయన బళ్లో పాఠాలు చెప్పి రిటైరయ్యారు. ఆయన క్లాసులో పిల్లలకు అర్థం కాకపోయినా ఫరవాలేదు, అప్పజెప్పడం వస్తే చాలు. అప్పజెప్పినవాడు కూర్చోవాలి, తడబడినవాడు నిలబడాలి. వీధిలో అందరూ ఆయన్ని కంఠతా మాస్టారు అంటారు. అది వెక్కిరింపని ఆయనకు తెలియదు, బిరుదనుకుంటారు. నేను కూడా చెప్పలేదు, పోనీలే అని.

అలాంటి మనిషికి ఊపిరి జబ్బు వచ్చింది. ఏళ్ల తరబడి సుద్దముక్కల పొడి పీల్చడం వల్లనని ఆయనంటారు. నాకు తెలియకుండా మేడ మీద కాల్చిన సిగరెట్ల వల్లనని నేనంటాను. ఎవరి మాట నిజమైనా ఊపిరి మాత్రం ఆడటం లేదు. మేముండేది మూడో అంతస్తు, లిఫ్టు లేదు. మొదట రెండో అంతస్తు దాటాక మెట్ల మలుపులో కాసేపు నిలబడి, గోడకున్న పెచ్చులు పరిశీలిస్తున్నట్టు నటించేవారు. తరవాత నటించడానికి కూడా ఊపిరి చాలలేదు. ఒకరోజు ఇంట్లోంచి ఒక కుర్చీ తెచ్చి ఆ మలుపులో వేశాను. ఆయన దాన్ని చూసి ఏమీ అనకుండా కూర్చున్నారు. ఆయన ఏమీ అనకపోవడంతో నాకు భయం వేసింది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు. వంటింట్లో గిన్నెలు మాత్రం కొంచెం గట్టిగా తోమాను.

ఛాతీ జబ్బుల ఆసుపత్రిలో డాక్టరమ్మ చిన్న వయసుది, ఓపిక ఉన్న మనిషి. ఆయన ఊపిరి కొలిచి, బొటనవేలంత మిషను ఒకటీ, అట్టలో గుళికలూ, ఎలా వాడాలో రాసిన కాగితం ఒకటీ ఇచ్చి, మొదటిసారి నర్సమ్మ చేత గబగబా చెప్పించింది. బయట జనం గుమ్మం దాకా నిలబడి ఉన్నారు మరి. నర్సమ్మ చెబుతున్నంతసేపూ మా ఆయన ఆవిడ చేతులవైపు కాకుండా కాగితంవైపు చూశారు. చేతులను నమ్ముకునే అలవాటు ఆయనకు ముందునుంచీ లేదు.

ఆ కాగితం రాసిన మహానుభావుడెవరో గానీ, ఊపిరాడనివాడు చదువుతాడన్న స్పృహ లేకుండా రాశాడు. ‘ఔషధ గుళికను శ్వాస పరికర గర్భమందు అమర్చి, పైభాగమును సవ్యదిశలో త్రిప్పి, ముఖద్వారమును ఓష్ఠములతో బంధించి, దీర్ఘముగా ఉచ్ఛ్వసించవలెను’ అని మొదలవుతుంది. నాకు రెండో ముక్కకే ఆయాసం వచ్చింది. మా ఆయనకు మాత్రం పంచభక్ష్య పరమాన్నం దొరికినట్టయింది. ఇంటికొచ్చేలోగా బస్సులోనే సగం నోటికి పట్టేశారు.

రెండోసారి వెళ్లినప్పుడు డాక్టరమ్మ కొత్త పద్ధతి మొదలుపెట్టింది. రోగికి చెప్పింది అర్థమైందో లేదో తెలియాలంటే రోగి చేతనే తిరిగి చెప్పించుకోవాలట. మందు ఎలా వాడుతున్నారో మీ మాటల్లో చెప్పండి మాస్టారూ అని అడిగింది. నా మాటలెందుకమ్మా, మీ మాటలే చెబుతానని ఈయన లేచి నిలబడి, చేతులు కట్టుకుని, కాగితాన్ని మొదటినుంచి చివరిదాకా అప్పజెప్పారు. అడుగున అచ్చువేసిన ప్రెస్సు పేరు కూడా వదల్లేదు. ఆ గదిలోకి నడిచి రావడానికి గోడ పట్టుకున్న మనిషికి, అప్పజెప్పడానికి మాత్రం ఎక్కడినుంచో ఊపిరి వచ్చింది. డాక్టరమ్మ ముచ్చటపడి పక్కగదిలోంచి నర్సమ్మను పిలిపించి, ఇంకోసారి చెప్పించింది. ఇలాంటి రోగి ఒక్కడుంటే చాలని ఇద్దరూ అనుకున్నారు. ఎలా ఉందని అడిగితే ఈయన తగ్గిందన్నారు. తగ్గలేదని వెనకనుంచి నేనన్నాను. పరీక్ష బాగా రాసినవాడి మాటే డాక్టరమ్మకు వినపడింది.

ఇంట్లో మందు వేసుకునేటప్పుడు ఆయన గదిలోకి వెళ్లి తలుపు వేసుకునేవారు. పక్కన మనుషులుంటే ఏకాగ్రత కుదరదట. తలుపు అవతల్నుంచి మిషను తెరిచిన టిక్కుమనే చప్పుడూ, గట్టిగా పీల్చిన చప్పుడూ నాకు వినపడేవి. కాసేపటికి పెద్ద పనేదో చక్కబెట్టినవాడిలా బయటికొచ్చేవారు. మందు పూట తప్పేది కాదు. అయినా మలుపులో కుర్చీ చాల్లేదు, మొదటి అంతస్తులో కూడా ఒకటి వేస్తే బాగుండుననిపించే రోజులొచ్చాయి.

డాక్టరమ్మ గుళికలు పెంచింది. అయినా ఫలితం లేదు. కొందరి శరీరాలకు ఈ మందు పట్టదని, వచ్చేసారికీ ఇలాగే ఉంటే బలమైన బిళ్లలు మొదలుపెడతానని, వాటివల్ల ఎముకలు గుల్లబారొచ్చని, చక్కెర జబ్బు రావచ్చని, అయినా తప్పదని చెప్పింది. ఆ తరవాత మెల్లిగా, ఇంట్లో ఆక్సిజన్ సిలిండరు పెట్టుకునే చోటుందా అని నన్నడిగింది. ఉందన్నాను. ఎక్కడ ఉందో నాకే తెలియదు. మా అమ్మాయి ఫోన్లో ఏడ్చింది. అల్లుడు ఏడవకుండా, కింది అంతస్తు ఇళ్లు వెతకడం మొదలుపెట్టాడు. మంచివాడే గానీ, మామగారి ఊపిరితిత్తులు బాగుచేయడం కంటే ఇల్లు మార్చడం తేలికని అతని నమ్మకం. నాకు మాత్రం ఒకటే గొడవ. పూట తప్పకుండా వేసుకుంటున్న మందు ఈ మనిషికి ఎందుకు పనిచేయడం లేదు? అడిగితే చెప్పేవాళ్లు లేరు.

ఇంతలో ఆసుపత్రివాళ్లు రోగులతో ఒక సంఘం పెట్టారు. మందులు ఇస్తున్నాం, కాగితాలు ఇస్తున్నాం, అయినా చాలామందికి తగ్గడం లేదు, లోపం ఎక్కడుందో రోగులే చెప్పాలి అన్నది దాని ఉద్దేశం. మొదటి సమావేశానికి రమ్మని డాక్టరమ్మే ఈయనకు ఫోన్ చేసింది. మీరు కాగితం చదివి వినిపిస్తే మిగతావాళ్లు నేర్చుకుంటారంది. చదవడమెందుకు, చూడకుండా చెబుతానన్నారు ఈయన. ఆ రోజు చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నారు. మధ్యలో రెండుసార్లు మంచం మీద కూర్చోవలసి వచ్చింది.

సమావేశం ఆసుపత్రి వెనక హాల్లో. వరసగా ప్లాస్టిక్ కుర్చీలు, గరగరమనే మైకు, తిరుగుతున్నానని చప్పుడు చేయడమే తప్ప గాలి వేయని ఫ్యాను. కాగితంలో ఏమైనా లోపాలున్నాయా, మొహమాటం లేకుండా చెప్పండని డాక్టరమ్మ అడిగింది. అందరూ బ్రహ్మాండంగా ఉందన్నారు. డాక్టరు ముందు కూర్చుని డాక్టరిచ్చిన కాగితం బాగాలేదనే మొనగాడెవడు? పిల్లి మెడలో గంట కట్టే పని ఎవరికీ అక్కర్లేదు. పిండిమిల్లు నడిపే ఒకాయన మాత్రం ధైర్యం చేసి, కాగితం ఇంకాస్త దళసరిగా ఉంటే బాగుంటుందని సలహా ఇచ్చాడు. నర్సమ్మ దాన్ని రాసుకుంది.

అప్పుడు మా ఆయన మైకు దగ్గరికి వెళ్లారు. చెప్పకేం, అద్భుతంగా చెప్పారు. ‘ఉచ్ఛ్వసించవలెను’ దగ్గర గొంతు పెంచి, ‘పిమ్మట పుక్కిలించవలెను’ దగ్గర తగ్గించి, ఎక్కడా తడబడకుండా ముగించారు. జనం చప్పట్లు కొట్టారు. నాకూ గర్వమే అనిపించింది. ఎంతైనా నా మొగుడు.

అంతటితో సభ ముగిసిపోయేదే. ముందు వరసలో ఒక పెద్దాయన చేయెత్తాడు. రిటైరైన బస్సు డ్రైవరు. ఏళ్ల తరబడి ఇంజను పక్కన కూర్చుని చెవులు పోగొట్టుకున్నాడు. నాకు ఒక్క ముక్కా వినపడలేదు మాస్టారూ, ఒకసారి చేసి చూపించండి అన్నాడు. ఆ ఆసుపత్రి మొత్తంలో మా ఆయన్ని ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే.

దానికేముందని ఈయన జేబులోంచి మిషను తీశారు. అట్టలోంచి గుళిక తీశారు. అరచేతిలో పెట్టి అందరికీ చూపించారు. తరవాత నర్సమ్మవైపు తిరిగి మంచినీళ్లడిగారు. ఆవిడ గొంతు తడుపుకోవడానికనుకుని తెచ్చిచ్చింది. ఈయన గుళికను నోట్లో వేసుకుని, నీళ్లు తాగి, తల వెనక్కి వాల్చి గుటుక్కున మింగారు. ఆ తరవాత మిషను తెరిచి, మూసి, పైభాగాన్ని సవ్యదిశలో తిప్పి, ఓష్ఠములతో బంధించి, దీర్ఘంగా పీల్చారు. ఊపిరి బిగబట్టి వేళ్ల మీద పది లెక్కపెట్టి వదిలారు. పుక్కిలించారు కూడా.

డ్రైవరుగారు అర్థమైందన్నట్టు తలూపాడు. జనం మళ్లీ చప్పట్లు కొట్టారు. డాక్టరమ్మ ఒక్కతే కొట్టలేదు.

“మాస్టారూ, గుళిక ఏది?”

“ఏదేమిటమ్మా, మింగాను కదా.”

“రోజూ ఇలాగే వేసుకుంటున్నారా?”

“రెండు పూటలా. ఒక్క పూట కూడా తప్పలేదు. కావాలంటే మా ఆవిణ్ని అడగండి.”

“గుళికను మిషన్లో పెట్టాలని కాగితంలో ఉంది కదండీ?”

“ఎందుకు లేదు? ‘ఔషధ గుళికను శ్వాస పరికర గర్భమందు అమర్చి’. నాకు రాకపోవడమేమిటి?”

“మరెందుకు పెట్టలేదు?”

మా ఆయన ఆలోచనలో పడ్డారు. జవాబు కోసం ఆయన వెతుక్కోవడం పెళ్లయ్యాక నేను చూడటం అదే మొదలు. చివరికి చాలా మామూలుగా అన్నారు.

“అది అప్పజెప్పడానికమ్మా. ఇది వేసుకోవడానికి.”

ఆయన చెప్పడం ఆపలేదు. అట్టలో ఉన్న గుళికను మనిషన్నవాడు మింగుతాడు, అది చిన్నపిల్లలకైనా తెలుసు. అది కడుపులో కరిగి ఆవిరవుతుంది. ఆ ఆవిరిని పైకి లాగడానికి మిషనిచ్చారు. అందుకే మింగిన వెంటనే పీలుస్తున్నాను, ఆలస్యం చేస్తే ఆవిరి దిగిపోతుందేమోనని. ఇదీ ఆయన సిద్ధాంతం. చదవేస్తే ఉన్న మతి పోయిందంటారే, అది కళ్లారా చూశాను.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. ఆ నవ్వు ఇంకొకరికి అంటుకుంది. మా ఆయన చేతిలో ఖాళీ గ్లాసుతో, ఎవరు నవ్వుతున్నారో, ఎందుకు నవ్వుతున్నారో తెలియక నిలబడ్డారు. ఆయన క్లాసులో తడబడిన పిల్లలు ఎలా నిలబడేవాళ్లో అలాగే. ఆయన మీద నాకు ఎంత కోపముందో అంతా ఆ నవ్వినవాళ్ల మీదికి మళ్లింది.

డాక్టరమ్మ నవ్వులు ఆపి, ఇక్కడ గుళిక మింగేవాళ్లు ఇంకెవరైనా ఉన్నారా, తప్పేం లేదు, చేయెత్తండి అంది. ఒక్క చేయి లేవలేదు. అందరూ తేలుకుట్టిన దొంగల్లా తమ తమ చెప్పులవైపు చూసుకుంటున్నారు. అంతకుముందు నవ్విన మొహం కూడా చెప్పుల్నే చూస్తోంది. నేను లేచి నిలబడ్డాను.

“మా ఆయన అందరి ముందూ మింగారు. ఇంట్లో తలుపేసుకుని మింగేవాళ్లకి చేయెత్తడానికేం రోగం?”

రోగం ఉండబట్టే అక్కడున్నారన్న సంగతి ఆ కోపంలో నాకు తట్టలేదు. డ్రైవరుగారు నేనేమన్నానో పక్కన కూర్చున్న, కుట్టుపని చేసుకునే ఆవిణ్ని అడిగి తెలుసుకుని, నిబ్బరంగా చేయెత్తాడు. ఆయన్ని చూసి కుట్టుపని ఆవిడ ఎత్తింది. తరవాత ఇంకొకరు, ఇంకొకరు. మింగనివాళ్ల కథలు కూడా బయటపడ్డాయి. ఒకావిడ గుళిక విప్పి పొడిని పాలల్లో కలుపుకుని తాగుతోంది, చేదు తగలకుండా. ఇంకొకాయన గుళికను మిషన్లో సరిగ్గానే పెట్టి, పీల్చడానికి బదులు ఈలలా ఊదుతున్నాడు. కాగితం దళసరిగా ఉండాలన్న పిండిమిల్లు ఆయనైతే అసలు మిషను పెట్టెలోంచే తీయలేదు, పాడైపోతుందని.

డాక్టరమ్మ కుర్చీలో కూలబడింది. మింగిన గుళికలవల్ల పెద్దగా హాని లేదని ముందు అందరికీ ధైర్యం చెప్పింది. తరవాత నా దగ్గరికొచ్చి, ఎల్లుండినుంచి మాస్టారికి ఆ బలమైన బిళ్లలు మొదలుపెట్టేదాన్నమ్మా, అంది. ఆ బిళ్లలు అక్కర్లేని మనిషికి ఆ బిళ్లలు ఇచ్చేది. నాకామె మీద కోపం రాలేదు. ఎలా వాడుతున్నారని కనీసం అడిగింది కదా. వెళ్లిన ప్రతి డాక్టరు ముందూ అన్నీ అర్థమయ్యాయండీ అని తలూపి వచ్చేవాళ్లం మేమే.

నర్సమ్మ ఆయన్ని ఒక పక్కకు కూర్చోబెట్టి గుళికను మిషన్లో పెట్టించింది. ఈసారి పీలిస్తే లోపల గుళిక గిరగిర తిరిగిన చప్పుడు నాకే వినపడింది. ఆయన దగ్గి, నాలిక మీద ఏదో పొడి తగులుతోందని ఫిర్యాదు చేశారు. తగలాలండీ అందావిడ. మిషను తెరిస్తే లోపల ఖాళీ గుల్ల. రోజూ ఇల్లు ఊడ్చే నాకు అంతకాలం ఒక్క గుల్ల కూడా చీపురుకు తగల్లేదు. తగలాలని తెలిస్తే కదా వెతికేది.

ఇంటికి తిరిగొచ్చాం. మలుపులో కుర్చీలో కూర్చుని, ఆ కాగితం రాసినవాడిది తప్పన్నారు. కాదు, చదివినవాడిదే అన్నాను నేను. ఆయన పట్టిన కుందేలుకు మూడే కాళ్లు. రాసినవాడిదేనని గది దాకా అంటూనే వచ్చారు. రాత్రి అన్నం తినలేదు. అంతమంది ముందు నవ్వులపాలైన మనిషి మందు మానేస్తారేమోనని నాకు గుబులు పట్టుకుంది. తెల్లారి చూస్తే గది తలుపు బార్లా తెరిచి ఉంది. మంచం మీద కూర్చుని మిషను పట్టుకుని నన్ను పిలిచారు. ఏమోయ్, నువ్వు చూస్తుండు, సరిగ్గా చేస్తున్నానో లేదో, అన్నారు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. అంత శ్రద్ధగా ఆయన్ని పెళ్లిచూపుల్లో కూడా చూడలేదు.

ఆ తరవాత ఆయనకు కొత్త పిచ్చి పట్టింది. కాగితం తిరగరాసే బాధ్యత సంఘం తరఫున ఆయనే తీసుకున్నారు. రాసిన ప్రతి ముక్కనీ ఎవరో ఒకరి మీద ప్రయోగించి చూడాలి. కాగితం, ఖాళీ మిషను, ఖాళీ గుళిక చేతికిచ్చి, నోరెత్తకుండా ఎదురుగా కూర్చునేవారు. నోరెత్తకుండా కూర్చోవడమే ఆయనకు అన్నిటికంటే కష్టమైన పని. ముందు నేను, తరవాత కింది వాటా వాళ్లు, ఆ తరవాత ఇల్లు చూశానని చెప్పడానికి వచ్చిన అల్లుడు. అల్లుడు కాగితమంతా గడగడా చదివి, గుళికను తలకిందులుగా మూతలో ఇరికించాడు. చచ్చాడనుకున్నాను. అల్లుడని కూడా చూడకుండా నిలబెడతారనుకున్నాను. ఆయన మాత్రం కలం తీసి, నాలుగో వాక్యం కొట్టేసి, మళ్లీ రాశారు. చదివినవాడు తడబడితే రాసినవాడు నిలబడాలి బాబూ, అని అల్లుడికి చెప్పారు. అల్లుడు నా మొహం చూశాడు. నేను మళ్లీ వంటింట్లోకి వెళ్లిపోయాను. కళ్లు తుడుచుకోవడానికి.

కొత్త కాగితంలో మొదటి మాట పెద్ద అక్షరాలతో ఉండాలని పట్టుబట్టారు. ‘ఈ గుళిక మింగకూడదు.’ దాని పక్కన బొమ్మ. చివరి మాట కూడా ఆయనదే. ‘చదివారా? ఇప్పుడు ఎవరైనా ఒకరి ముందు చేసి చూపించండి.’ సంఘంలో అందరూ కలిసి మధ్యలో మాటలు కుదించారు. ఉచ్ఛ్వాసం పోయి పీల్చడం వచ్చింది. ‘ఓష్ఠములు’ తీసేసిన రోజు మాత్రం ఈయన కాస్త దిగులుపడ్డారు. డ్రైవరుగారిని ఆసుపత్రివాళ్లు వారానికోసారి పిలిచి ముందు వరసలోనే కూర్చోబెడుతున్నారు. ఆయనకు అర్థమైతే ఎవరికైనా అర్థమైనట్టే లెక్క. బలమైన బిళ్లల మాట మళ్లీ ఎవరూ ఎత్తలేదు.

మొన్న కూరగాయలు కొనుక్కుని వస్తున్నాం. సంచి ఆయన చేతిలోనే ఉంది. కింద మొదటి మెట్టు దగ్గరే నాకు చెప్పారు, ఇప్పుడు చాలా తగ్గిందోయ్ అని. అది ఆయన ఆసుపత్రిలో కూడా చెప్పిన మాటే. ఆయన ముందు, నేను వెనక. మలుపు వచ్చింది, కుర్చీ వచ్చింది. ఆయన దానివైపు చూడనైనా చూడకుండా ఎక్కిపోయారు. నాకే కాళ్లు లాగేసి అందులో కూర్చుండిపోయాను.

పైనుంచి కేక వినపడింది. తాళంచెవి నా కొంగునే ఉంది కదా, అక్కడ కూర్చుంటే తలుపెవరు తీస్తారని. ఆ గొంతు మూడంతస్తులకూ వినపడింది. కింది వాటా ఆవిడ తలుపు తీసి చూసింది కూడా. ఆ అరుపు విని ఎన్నాళ్లయిందో. నాకు ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. తాళంచెవి తీసి గుప్పిట్లో గట్టిగా పట్టుకుని, కావాలంటే వచ్చి తీసుకెళ్లండన్నాను.

విసుక్కుంటూ దిగి వచ్చారు. ఏమైందోయ్, తగ్గిందని చెప్పాను కదా, ఎందుకా ఏడుపు, అన్నారు.

“చెప్పారు. ఇప్పుడు మళ్లీ ఎక్కి చూపించండి.”

ఆయన నావైపు ఒక క్షణం చూసి, తాళంచెవి తీసుకుని, మెట్లెక్కడం మొదలుపెట్టారు. నేను కుర్చీలోంచి కదలకుండా, తలుపు తీసిన చప్పుడు వినపడేదాకా ఆయన్నే చూస్తూ కూర్చున్నాను.